బ్రెటన్ భాషలో మొహమాటం

మాంట్రియల్‌లో నేను ముందుగా నేర్చుకున్న భాష ఫ్రెంచి కాదు, బ్రెటన్. ఈ మాట చెబితే మా వాళ్ళెవరూ నమ్మరు. ఫ్రాన్సుకి పడమటి కొసన, సముద్రంలోకి ముక్కు చాచినట్టుండే బ్రిటనీ అనే ప్రాంతపు భాష అది. అక్కడే మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్నారట. గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్ని, కెనడా మంచులో, ఒక చర్చి కింది నేలమాళిగలో కూచుని ఆ భాష ఎందుకు నేర్చుకున్నానని అడిగితే ఒక్కటే జవాబు. మొహమాటం.

విమానాల నిండా విద్యార్థులు వచ్చి దిగుతున్న రోజులవి. ఫ్రెంచి వస్తే పీఆర్, అంటే కెనడాలో ఉండిపోయే అనుమతి, తొందరగా వస్తుందని వాట్సాప్ గ్రూపులన్నీ ఒకటే హోరు. రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో అయిదుగురు అమ్మాయిలం ఉండేవాళ్ళం. ఒకరు పోపు వేస్తుంటే ఇంకొకరు పక్కనే నిలబడి ఫ్రెంచి క్రియలు వల్లెవేస్తూ ఉండేవారు. నేను మాత్రం ఏ ఫ్రీ క్లాసుకి అప్లై చేసినా వెయిటింగ్ లిస్టులోనే తేలేదాన్ని.

అలాంటప్పుడు మేం బట్టలుతుక్కునే లాండ్రీ గోడ మీద ఒక కాగితం కనిపించింది. క్లాసు, ఉచితం, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి, గురువారం సాయంత్రం, కాఫీ ఇస్తాం. నాకు తెలిసిన ఫ్రెంచి ముక్కలతో ఇంతవరకు కూడబలుక్కున్నాను. మధ్యలో బ్రెటన్ అని ఉంటే అది చెప్పే ఆవిడ ఇంటిపేరు కాబోలనుకున్నాను. ఉచితం అన్న మాట కనిపించాక మిగతా మాటలు చదివే ఓపిక మనవాళ్ళలో ఎవరికుంటుంది?

ఇక్కడ నా ఆకలి గురించి కొంచెం చెప్పాలి. మా ఇళ్ళల్లో ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారే "ఆఁ పెట్టండి" అనడం మర్యాద కాదు. "అబ్బే, వద్దండీ, ఇప్పుడే తినొచ్చాను" అనాలి. వాళ్ళు మళ్ళీ అడుగుతారు. మళ్ళీ వద్దనాలి. మూడోసారి వాళ్ళు అడగరు, పెట్టేస్తారు. అప్పుడు "ఎందుకండీ ఇంత" అంటూ తినాలి. ఇది నాకెవరూ నేర్పలేదు. ఉగ్గుపాలతోనే వచ్చింది.

కెనడాలో ఈ ఆట ఆడేవాళ్ళు లేరు. నేను పార్ట్‌టైమ్ చేసే కాఫీ షాపులో మొదటిరోజు మేనేజరమ్మ వేడి వేడి మఫిన్ ప్లేటులో పెట్టి, తిని పని మొదలుపెట్టమంది. పొద్దున్నించీ నా కడుపులో ఏమీ లేదు. అయినా అలవాటు ప్రకారం "నో, నో, థాంక్యూ" అన్నాను. ఆవిడ "ఓకే" అని చిరునవ్వుతో ప్లేటు లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఆ "ఓకే" విని నాకు ఏడుపొచ్చింది. రెండోసారి అడిగితే ఆవిడ సొమ్మేం పోయేదని నేను రోజంతా లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

ఇంటికొచ్చి చెబితే మా రూమ్మేట్ పడీ పడీ నవ్వింది. ఆ అమ్మాయిది కరీంనగర్.

"నీ మొహమాటం పాడుగాను! ఆకలైతున్నదని చెప్పనీకి ఏమైతదే నీకు? అడగందే అమ్మైనా పెట్టదంటరు."

"అడగాలా? మరీ అంత సిగ్గులేకుండానా?"

"మొహమాటానికి పోతే కడుపైందట ఎన్కటికి ఎవలికో. నీకు కడుపు కూడా కాదు. మాడుతది, అంతే."

అదీ నా పరిస్థితి. అలాంటి నేను గురువారం సాయంత్రం ఆ చర్చి మెట్లు దిగి, మంచు కారుతున్న బూట్లు విప్పి, లోపలికి వెళ్ళాను. ఒక పొడుగు బల్ల చుట్టూ ముగ్గురు కూచున్నారు. ఒక భార్యాభర్తలు, అరవై దాటిన ఒక పెద్దమనిషి. బల్ల చివర డెబ్బై ఏళ్ళ టీచరుగారు, పొట్టి మనిషి, ముక్కు మీద కళ్ళజోడు. నన్ను చూడగానే ఆవిడ "దెమాత్!" అన్నారు. నేను "బోంజూర్" అన్నాను. నలుగురూ నవ్వారు. ఫ్రెంచిలో తప్పు పలికానేమోనని సిగ్గుపడ్డాను. కాసేపటికి కదా తెలిసింది, అక్కడ ఫ్రెంచి నేర్పడమే లేదని.

లేచి వచ్చేద్దామనుకుంటూ ఉండగానే టీచరుగారు సంబరంగా చెప్పారు. కనీసం నలుగురైనా ఉంటే తప్ప గది ఇవ్వమని, లేకపోతే యోగా వాళ్ళకిచ్చేస్తామని చర్చివాళ్ళు చెప్పారట. దేవుడు పంపినట్టు నాలుగో మనిషివి వచ్చావు అన్నారు. యోగా పుట్టిన దేశంనుంచి వచ్చి యోగా వాళ్ళ గదికి అడ్డం పడ్డానని నాకు లోపల నవ్వొచ్చింది. అయినా పొరపాటున వచ్చానని చెప్పడానికే నోరు తెరిచాను.

సరిగ్గా అప్పుడే ఆవిడ నా ముందు ఒక కేకు ముక్క పెట్టారు. వెన్న, పంచదార పొరలు పొరలుగా కాల్చిన కేకు అది. మా వైపు మడతకాజాకి దూరపు చుట్టంలా ఉంది. "వద్దండీ, థాంక్యూ" అన్నాను. నోరు దానంతటదే అనేసింది. ఆవిడ కదల్లేదు. "తిను" అన్నారు. "అబ్బే, నిజంగా వద్దు" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనకుండా ప్లేటు నా చేతిలో పెట్టి, ఫోర్కు కూడా ఇచ్చి, నేను నోట్లో పెట్టుకునేదాకా అక్కడే నిలబడ్డారు. ఈ దేశం వచ్చాక నన్ను రెండోసారి అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఇక లేచి వెళ్ళడం నావల్ల ఎక్కడవుతుంది!

అలా చలికాలమంతా బ్రెటన్ నేర్చుకున్నాను. దెమాత్ అంటే నమస్కారం. మోన్ అ రా? అంటే ఎలా ఉన్నారు? మాత్ ట్రే అంటే చాలా బావున్నాను. త్రుగారె అంటే థాంక్స్. కెనావో అంటే మళ్ళీ కలుద్దాం. టీచరుగారు ముందు ఫ్రెంచిలో నెమ్మదిగా చెప్పి, నా మొహం చూసి ఇంగ్లీషులో మళ్ళీ చెప్పేవారు. ఆ లెక్కన నాకు ఫ్రెంచి కూడా కొసరుగా వచ్చింది. ఆ భాషలో గొంతు అడుగునుంచి గీరుతూ పలికే ఒక శబ్దం ఉంది. ఇంట్లో స్నానాల గదిలో నిలబడి అదే ప్రాక్టీసు చేస్తుంటే మా రూమ్మేట్ తలుపు కొట్టింది.

"ఏందే, జలుబు చేసిందా? పొద్దటిసంది ఒకటే గీరుతున్నవ్. మిరియాల చారు పెట్టాల్నా?"

"జలుబు కాదే, హోంవర్కు."

"పీఆర్‌కి ఎన్ని పాయింట్లు దీనికి?"

"ఒక్కటి కూడా లేదు."

అది నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. చారు మాత్రం పెట్టింది. నేను ఒకసారి వద్దన్నాను కూడా.

క్లాసులో భార్యాభర్తలకి బ్రిటనీ చూసి రావాలన్న సరదా తప్ప వేరే పని లేదు. పెద్దమనిషి సంగతి అలా కాదు. ఆయన మాంట్రియల్‌లోనే పుట్టి, వీధి వీధికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పేరు పెట్టి పిలవమన్నారు. అంత వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక, అంకుల్ అన్నాను. "నాకు అన్నదమ్ములూ లేరు, అక్కచెల్లెళ్ళూ లేరు. ఎవరికీ అంకుల్‌ని అయ్యే అవకాశమే లేదు" అని తెల్లబోయారు. తర్వాత అలవాటు పడ్డారు. నేను అలా పిలవడం మర్చిపోతే ఆయనే గుర్తు చేసేవారు.

అంకుల్ తల్లి బ్రిటనీలో ఒక పల్లెటూళ్ళో పుట్టి, పెళ్ళయ్యాక భర్తతో కెనడా వచ్చిందట. మొగుడూ పెళ్ళాలు బ్రెటన్‌లో మాట్లాడుకునేవారట, కొడుకుతో మాత్రం ఫ్రెంచిలోనే. పిల్లాడు బాగుపడాలని. భర్త ఎప్పుడో పోయాడు. ఇప్పుడావిడ వృద్ధుల హోమ్‌లో ఉంది. మతిమరుపు వచ్చి, నేర్చుకున్న ఫ్రెంచి అంతా కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. చిన్నప్పటి బ్రెటన్ ఒక్కటే మిగిలింది. కొడుకుని కూడా గుర్తుపట్టడం మానేసింది. ఆయన వెళ్తే "ఓత్రు" అంటుందట. అంటే "అయ్యగారూ" అని. అరవై అయిదేళ్ళు దగ్గర పడుతున్న మనిషి, తల్లి చేత అయ్యగారనిపించుకుంటూ, ఆవిడ ఏమంటోందో తెలుసుకోవడానికి మా పక్కన కూచుని అక్షరాలు దిద్దుకుంటున్నారు.

చలి ముదిరిన ఒక గురువారం ఆయన ఆలస్యంగా వచ్చారు. కోటు కూడా విప్పకుండా కూలబడ్డారు.

"అమ్మ తినడం మానేసింది" అన్నారు. "నెలరోజులుగా సగం సగమే తింటోంది. ఈ వారం అదీ లేదు. చిక్కి సగమైంది. ఇలాగే ఉంటే ఆసుపత్రికి మార్చి గొట్టం పెట్టాలంటున్నారు డాక్టర్లు."

"మీరు అడిగారా, ఏం కావాలని?" అన్నారు టీచరుగారు.

"అడిగాను. మీరు నేర్పినట్టే అడిగాను. సూపు తినమన్నాను. నాన్, త్రుగారె, అంది. రొట్టె తినమన్నాను. నాన్, త్రుగారె. ఏదడిగినా అదే."

నాన్, త్రుగారె అంటే వద్దు, థాంక్స్ అని. మా మొదటి పాఠంలోనే ఉంది.

"సూపు ఎన్నిసార్లు అడిగారంకుల్?" అన్నాను నేను.

"ఎన్నిసార్లేమిటి? ఒకసారే."

"రొట్టె?"

"ఒకసారే. వద్దన్న మనిషిని మళ్ళీ ఎలా అడుగుతాను? అది అమర్యాద కదా. హోమ్‌లో అమ్మాయిలు కూడా పాపం చాలా మంచివాళ్ళు. వద్దంటే బలవంతం చెయ్యరు. ఆవిడ ఇష్టాన్ని మనం గౌరవించాలి."

నేను టీచరుగారి వైపు చూశాను. ఆవిడ నావైపే చూస్తున్నారు. తర్వాత నెమ్మదిగా చెయ్యి నుదుటికి ఆనించుకున్నారు.

"బ్రిటనీలో మా ఊళ్ళో" అన్నారావిడ, "మొదటిసారికే ఔనన్న పిల్లని తిండిపోతు అనేవారు. మా అమ్మ అయితే గిల్లేది."

"మా ఊళ్ళోనూ అంతేనండీ!" అని నేను గట్టిగా అరిచేశాను. "అంకుల్, ఆవిడ వద్దనడం లేదు. మొహమాటపడుతోంది! మీరెవరో తెలియదు కదా ఆవిడకి. ఎవరో అయ్యగారు వచ్చి సూపు తినమంటే వెంటనే తినేస్తుందా? మర్యాద తెలిసిన మనిషి ఎలా తింటుంది? మళ్ళీ అడగాలి. వద్దంటే మళ్ళీ అడగాలి, మూడోసారికి తింటుంది."

ఆయనకి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. వద్దంటే వద్దని కాదా, మరి ఏమని అర్థం అంటారు. అర్థమయ్యాక ఇంకో చిక్కొచ్చి పడింది. ఆయనకి బలవంతం చెయ్యడం చేతకాదు.

ఆ రోజు టీచరుగారు పాఠం పక్కన పెట్టేశారు. భార్యాభర్తల్లో భర్తని తల్లి వేషం వేయించి కుర్చీలో కూచోబెట్టారు. అంకుల్ కేకు పెట్టి "దెబ్రిత్" అనాలి, అంటే తినండి అని. తల్లి వేషంలో ఉన్న భర్తగారు నాన్, త్రుగారె అనాలి. మొదటిసారి అంకుల్ బాగానే అన్నారు. రెండోసారి, ఎవరి కాలో తొక్కి క్షమాపణ అడుగుతున్నట్టు అన్నారు. మూడోసారి మాట బయటికే రాలేదు, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇలా అయితే మా ఊళ్ళో పెళ్ళివాళ్ళు భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోతారు" అని నేను లేచాను. మా మేనత్త విస్తరి ముందు ఎలా నిలబడుతుందో అలా నిలబడ్డాను. ప్లేటు భర్తగారి గడ్డం దాకా తెచ్చాను. "దెబ్రిత్! ఉన్ తామ్ హ్వాస్!" అన్నాను. ఇంకొక్క ముక్క అని. వద్దంటే మొహం చిన్నబుచ్చుకున్నాను. నేను చేశాననే కదా తినడం లేదు అని నిష్ఠూరమాడాను. ఆ ముక్కకి బ్రెటన్ టీచరుగారు అందించారు. భర్తగారు భయపడి రెండు ముక్కలు తినేశారు. మూడో ముక్క ఇష్టంగానే తిన్నారని ఆయన భార్య చెప్పింది. గోదావరి మర్యాద చంపేస్తుందని మనవాళ్ళు వేళాకోళం చేస్తారు గాని, ఆ పూట నాకు దానిమీద ఎంత గర్వం కలిగిందో చెప్పలేను.

ఆదివారం మధ్యాహ్నం అంకుల్ నన్ను కూడా తోడు రమ్మన్నారు. ఒంటరిగా వెళ్ళడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. మెట్రోలో వెళ్ళినంతసేపూ నోట్లో ఏదో గొణుక్కుంటూనే ఉన్నారు. ఎదుటి సీట్లో ఆవిడ ఆయన జపం చేసుకుంటున్నారనుకుందేమో, తన పిల్లల్ని నిశ్శబ్దంగా ఉండమంది.

ఆ ముసలమ్మ కిటికీ దగ్గర నిటారుగా కూచుని ఉంది. పిడికెడు మనిషి. తెల్లటి జుట్టు చక్కగా దువ్వి ఉంది. చేతులు ఒళ్ళో కట్టుకుంది. ముందు ట్రేలో సూపు, నలిపిన బంగాళాదుంప, రొట్టె ఉన్నాయి. అక్కడ పనిచేసే అమ్మాయి వంగి, ప్రేమగానే, తింటారా అని అడిగింది. నాన్, త్రుగారె. ఆ అమ్మాయి మావైపు చూసి, ఏం చెయ్యను అన్నట్టు తలూపి వెళ్ళిపోయింది. ముసలమ్మ మొహం కిటికీ వైపు ఉంది గాని, కళ్ళు మాత్రం సూపు మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా కళ్ళు తడిశాయి, కోపం కూడా వచ్చింది. ఎవరిమీద రావాలో మాత్రం తెలియలేదు.

అంకుల్ ఎదురుగా కూచున్నారు. "దెబ్రిత్, మామ్" అన్నారు. తినమ్మా, అని. ఆవిడ మర్యాదగా తల వంచి, "నాన్, త్రుగారె, ఓత్రు" అంది. ఆయన రెండోసారి అడిగారు. వద్దంది. నేను ఆవిడ వెనక నిలబడి, ఆపకండి, ఆపకండి అని చేత్తో సైగలు చేస్తున్నాను. మూడోసారి చెంచాతో సూపు తీసి, ఉన్ తామ్, ఒక్కటంటే ఒక్కటి, అన్నారు. ఆవిడ చెంచా వైపు చూసింది. మొహం కొంచెం కదిలింది. అయినా వద్దనే అంది.

నేర్పిన పాఠం అక్కడితో అయిపోయింది. అంకుల్ చెంచా కింద పెట్టేశారు. మూడుసార్లు చాలని చెప్పింది నేనే. ముసలితనంలో మొహమాటం ఇంకా గట్టిపడుతుందని నాకేం తెలుసు? నేనే ముందుకొచ్చి ఏదైనా చేద్దామనుకున్నాను.

ఇంతలో అంకుల్ కుర్చీ బర్రున ముందుకి లాక్కున్నారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, అరచేత్తో ట్రే పక్కన ఒక్క చరుపు చరిచారు. "నువ్వు తినేదాకా నేనిక్కణ్ణించి కదలను" అన్నారు ఫ్రెంచిలో. వెంటనే "దెబ్రిత్!" అన్నారు గట్టిగా. పక్క బల్ల దగ్గర తాతగారొకరు ఉలిక్కిపడి తన రొట్టె తినేశారు.

ముసలమ్మ కట్టుకున్న చేతులు విప్పింది. కొడుకుని పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చూసింది. విసుగ్గా ఏదో ఒక ముక్క అంది. తర్వాత ఆయన చేతిలోంచి చెంచా లాక్కుని సూపు తాగడం మొదలుపెట్టింది. సూపయ్యాక దుంప తింది. రొట్టెతో గిన్నె తుడిచి మరీ తింది. తింటున్నంతసేపూ కోపంగానే ఉంది.

ఆవిడ అన్న ముక్క మా ఇద్దరికీ అర్థం కాలేదు. మా పాఠాల్లో ఎక్కడా లేదు. టీచరుగారి దగ్గర సెల్‌ఫోను లేదు, ఇంటి ఫోను ఎత్తడం లేదు. "మొదటి సగం నువ్వు పట్టుకో, రెండో సగం నేను పట్టుకుంటాను" అన్నారు అంకుల్. అలా ఆ మాటని చెరో సగం నోట్లో పెట్టుకుని, దారిలో ఇంకేమీ మాట్లాడకుండా, జారే మంచులో నడిచి, మెట్రో ఎక్కి, టీచరుగారి ఇంటికి వెళ్ళాం. ఆవిడ అప్పుడే చర్చినుంచి వచ్చి తలుపు తాళం తీస్తున్నారు.

"పెన్నెగ్ ఎవెల్" అన్నాను నేను.

"ద దాద్" అన్నారు అంకుల్.

టీచరుగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాం. ఆవిడ తాళంచెవి తలుపుకే వదిలేసి, అంకుల్ రెండు చేతులూ పట్టుకున్నారు.

"మొండివాడివి, అచ్చం మీ నాన్నలాగే" అన్నారు. "పరాయివాళ్ళతో ఎవరూ అలా అనరు. కొడుకుతోనే అంటారు."

అంకుల్ అక్కడే నిలబడిపోయారు. టోపీ తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. ముక్కు తుడుచుకున్నారు. నేనైతే దాచుకోకుండానే ఏడ్చాను. టీచరుగారు లోపలికి రమ్మన్నా మేం కదల్లేదు.

ఆయన తలుపుకి వేలాడుతున్న తాళంచెవి తీసి టీచరుగారి చేతిలో పెట్టారు.

"వచ్చే ఆదివారం కూడా అమ్మ వద్దంటే బావుణ్ణు" అన్నారు.